సర్వర్‌లో బ్యాకప్ హార్డ్‌డిస్క్ బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసులు, నల్లగొండలోని చిన్న ఆసుపత్రులు, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు కళాశాలలు, పత్తి మిల్లులు. ఇలాంటి చోట్ల సర్వర్లు చూసుకోవడం నా పని. ఏ నెలలో ఏ ఫోను వస్తుందో ఇప్పుడు ముందే చెప్పగలను. మార్చి నెలాఖరులో ‘ఎంత సైజు డిస్కు కొనాలి’ అని, మే నెల గాలివానల తర్వాత ‘డిస్కు కనిపించడం లేదు’ అని. చెప్పిందే చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి, మొదటినుంచీ చదవనక్కర్లేదు.

## కొనే ముందు

సర్వర్‌లో ఇప్పటికే రైడ్ ఉంది కదా, మళ్లీ బ్యాకప్ డిస్కు ఎందుకు?

రైడ్ అంటే కొన్ని డిస్కులను జట్టుగా నడిపే ఏర్పాటు. ఒక డిస్కు పాడైనా పని ఆగకుండా చూడటం వరకే దాని బాధ్యత. మీ గుమస్తా పొరపాటున నిరుటి లెక్కల ఫోల్డర్ చెరిపేశాడనుకోండి, ఒకే సమాచారాన్ని రెండు చోట్లా రాసే రైడ్ 1 దాన్ని రెండు డిస్కుల మీదా ఎంతో విధేయంగా చెరిపేస్తుంది. నిన్న సాయంత్రం ఆ ఫోల్డర్ ఎలా ఉండేదో దానికి గుర్తుండదు. ఆ గుర్తు పెట్టుకునేది వేరే డిస్కు మీద, వేరే సమయంలో తీసిన కాపీ మాత్రమే.

లోపల బిగించే డిస్కు మేలా, బయట యూఎస్‌బీకి తగిలించేది మేలా?

ముందు లోపలిది పెట్టించండి, తర్వాత బయటిది కొనండి. బయటి డిస్కుతో చిక్కు డిస్కులో లేదు, మనుషుల్లో ఉంది. మొదటి వారం రోజూ తగిలిస్తారు, రెండో వారం మర్చిపోతారు, మూడో వారానికి అది సొరుగులో రశీదు పుస్తకాల కింద ఉంటుంది. లోపలి డిస్కుకు ఎవరి చేయీ అక్కర్లేదు, రాత్రి పదకొండుకు తన పని తాను చేసుకుంటుంది.

అయితే సర్వర్‌తోపాటే ఉన్నది సర్వర్‌తోపాటే పోతుంది. దొంగతనం, అగ్నిప్రమాదం, పిడుగు వీటిలో దేని నుంచీ అది కాపాడలేదు. రోజువారీ కాపీ లోపల, వారానికో కాపీ బయటి డిస్కు మీద తీసి యజమాని ఇంట్లో బీరువాలో. చిన్న ఆఫీసుకు ఇది చాలు.

ఎంత సైజు డిస్కు కొనాలి?

ఇప్పుడున్న సమాచారానికి రెండున్నర, మూడు రెట్లు. 400 జీబీ ఉంటే 1 టీబీ సరిపోతుంది, 2 టీబీ అయితే నిశ్చింత. బ్యాకప్ అంటే ఒక్క కాపీ కాదు, పాత తేదీల కాపీలు కూడా అందులోనే ఉండాలి. టాలీ లెక్కలు తినే చోటు చాలా తక్కువ. చోటును మింగేవి వేబ్రిడ్జి దగ్గర లారీలకు తీసే ఫొటోలు, స్కాన్ చేసిన బిల్లులు, ఆసుపత్రిలో అయితే ఎక్స్‌రేలు. జీఎస్టీ రికార్డులను ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలన్నది చట్టం. లెక్క వేసేటప్పుడు దాన్నీ కలుపుకోండి.

హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీయా?

బ్యాకప్‌కు హార్డ్‌డిస్కే. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల మీద రాసే డిస్కు. రాత్రిపూట జరిగే పనికి ఎస్‌ఎస్‌డీ వేగంతో అవసరం లేదు, అదే డబ్బుకు హార్డ్‌డిస్కులో ఎక్కువ చోటు వస్తుంది. ఇంకొకటి, బాగా అరిగిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా వేడి గదిలో నెలల తరబడి పెడితే అందులోని సమాచారం చెరిగిపోయే అవకాశం ఉంది.

దుకాణంలో ‘హార్డ్‌డిస్కులన్నీ ఒకటే సార్’ అంటున్నారు, నిజమేనా?

కాదు. మూడు సంగతులు అడిగి కొనండి.

మొదటిది, అది సీఎంఆర్ రకమా, ఎస్‌ఎంఆర్ రకమా? ఎస్‌ఎంఆర్ డిస్కులో సమాచారం రాసే గాడులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవి కదపాల్సినట్లే, ఒక గాడి తిరగరాయాలంటే పక్క గాడులనూ తిరగరాయాలి. రోజూ పెద్ద మొత్తంలో రాసే బ్యాకప్‌కు అది నీరసపడుతుంది. సీఎంఆర్‌లో గాడులు విడివిడిగా ఉంటాయి, అదే తీసుకోండి.

రెండోది, డిస్కును బోర్డుకు కలిపే పద్ధతి సాటానా (మామూలు కంప్యూటర్లలోది), సాసా (పెద్ద సర్వర్లలోది)? సాస్ కంట్రోలర్ (డిస్కులను నడిపే కార్డు లేదా చిప్పు) ఉన్న సర్వర్‌లో సాటా డిస్కు పనిచేస్తుంది. మామూలు సాటా పోర్టుకు సాస్ డిస్కు అసలు ఎక్కదు.

మూడోది వారంటీ. బిల్లు లేకుండా తక్కువకు వచ్చే డిస్కులలో వాడి తుడిచినవి ఉంటాయి. సీరియల్ నంబరును తయారీదారు వెబ్‌సైటులో వేసి చూడండి. ఇంటికి తెచ్చాక స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) అది ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్త డిస్కుకు ఆ అంకె సున్నా, మహా అయితే ఒకటి రెండు ఉండాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీ దాకా వెళ్లి కొన్నా ఈ చూపు తప్పదు.

మా సర్వర్‌లో ఇంకో డిస్కుకు చోటు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పక్క పలక తీసి మూడు ఖాళీలు వెతకండి: డిస్కు కూర్చునే అర, మదర్‌బోర్డు మీద సాటా పోర్టు, పవర్ సప్లై నుంచి వచ్చే సాటా పవర్ తీగ. మూడింట్లో ఒకటి లేకపోయినా పని ఆగుతుంది. చాలా బోర్డుల్లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ (బోర్డుకే నేరుగా గుచ్చే చిన్న రకం) పెట్టినప్పుడు ఒకటో రెండో సాటా పోర్టులు వాటంతటవే మూతపడతాయి. ఖాళీగా కనిపించిన పోర్టు నిజంగా పనిచేసేదేనా అన్నది బోర్డు పుస్తకంలో చూసుకోండి.

## బిగించే రోజు

సర్వర్ నడుస్తుండగానే డిస్కు పెట్టవచ్చా?

ముందువైపు ట్రేలు ఉండి, అవి నడుస్తుండగా మార్చడానికే తయారైనవైతే పెట్టవచ్చు. క్యాబినెట్ తెరిచి తీగలు తగిలించాల్సినదైతే ఆపాల్సిందే.

ఆపడమంటే బటన్ నొక్కి ఊరుకోవడం కాదు. పవర్ తీగ ఊడదీయాలి. చాలా సర్వర్లకు రెండు పవర్ సప్లైలు ఉంటాయి, రెండు తీగలూ తీయాలి. తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. ముహూర్తం విషయానికొస్తే, మిల్లుల వాళ్లు ధాన్యం కొనుగోళ్ల కాలంలో, అంటే వానాకాలం పంట వచ్చే నవంబర్‌లోనూ యాసంగి పంట వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనూ ఈ పని పెట్టుకోవద్దు. మిగతా రోజుల్లో ఓ ఆదివారం చూసుకోండి. తెరిచే ముందు ముఖ్యమైన ఫోల్డర్లను బయటి డిస్కుకు ఒకసారి కాపీ చేయడం మరవకండి.

చేతిలోని స్టాటిక్ కరెంటుతో బోర్డు పోతుందంటారు, నిజమా?

పోగలదు. గాలి పొడిగా ఉండే చలికాలంలో ఆ భయం ఇంకా ఎక్కువ. మణికట్టు పట్టీ ఉంటే కట్టుకోండి. లేకపోతే క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని పట్టుకుని పని మొదలుపెట్టండి, మధ్యమధ్య మళ్లీ పట్టుకోండి. డిస్కును అంచులతో పట్టుకోవాలి, అడుగున ఉన్న పచ్చ బోర్డు మీద వేళ్లు పడకూడదు.

లోపలంతా దుమ్ము ఉంది, తుడవకుండా బిగించవచ్చా?

బిగించవద్దు. మిల్లు ఆఫీసులో క్యాబినెట్ పలక తీసినప్పుడల్లా ముందు వాసన తగులుతుంది, పచ్చి తవుడు వాసన. ఫ్యాను రెక్కల అంచున గోధుమ రంగు పొడి వేలిమందాన గట్టిపడి ఉంటుంది. గోరుతో గీస్తే పెచ్చులా ఊడుతుంది. వేడిని మోసుకుపోయే అల్యూమినియం రేకుల మధ్య సందు అసలు కనిపించదు. అందులో ఇంకో డిస్కు పెడితే ఇంకో పొయ్యి పెట్టినట్టే.

సర్వర్‌ను బయటికి తెచ్చి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్లు గిరగిరా తిరగకుండా వేలితో ఆపి పట్టుకోవాలి. తడిగుడ్డ లోపలికి రానీయకండి.

స్క్రూలు సరిగ్గా పట్టడం లేదు, బలంగా తిప్పవచ్చా?

తిప్పవద్దు, అవి వేరే స్క్రూలు. 3.5 అంగుళాల డిస్కుకు కాస్త లావుపాటి మరలున్నవి, 2.5 అంగుళాల డిస్కుకు సన్నని మరలున్నవి. కొత్త డిస్కు పెట్టెలో స్క్రూలు రాకపోవచ్చు, క్యాబినెట్‌తో వచ్చిన పొట్లంలో వెతకండి. పొడుగు స్క్రూ లోపలి బోర్డుకు తగలగలదు. రెండు స్క్రూలతో సరిపెట్టకుండా నాలుగూ బిగించండి. వదులుగా ఉన్న డిస్కు అదిరి తానూ చెడుతుంది, పక్కదాన్నీ చెడగొడుతుంది.

పవర్ తీగ ఖాళీ లేదు, అడాప్టర్ వాడవచ్చా?

పాత నాలుగు పిన్నుల తీగను సాటాగా మార్చే అడాప్టర్లు దొరుకుతాయి. వాటిలో ప్లాస్టిక్‌ను కరిగించి ఒకే ముద్దగా పోతపోసినవి లోపల షార్ట్ అయి కాలిపోవడం తెలిసిన సంగతే. తీగలను విడివిడిగా నొక్కి బిగించిన రకమే తీసుకోండి. ఇంకా మంచిది, పవర్ సప్లైతో వచ్చిన అసలు తీగలనే సర్దుకోవడం. డేటా తీగ విషయంలో ఒకటే జాగ్రత్త: దాని మూతి వంకరగా ఉంటుంది, ఒకవైపే ఎక్కుతుంది, ‘టక్’ అని వినిపించేదాకా తోయాలి.

## ఆన్ చేశాక

అంతా బిగించాం, డిస్కు మాత్రం కనిపించడం లేదు. ఏం చేయాలి?

ముందు చెవి పెట్టి వినండి, డిస్కు తిరుగుతోందా? తిరగకపోతే పవర్ సమస్య. కొన్ని పెద్ద రకం సాటా డిస్కులు పవర్ తీగలోని మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే ఆగిపోయేలా తయారయ్యాయి. పాత పవర్ సప్లై ఆ పిన్నుకు కరెంటు పంపుతూనే ఉంటుంది. కొత్త డిస్కు చచ్చిపోయిందని దుకాణానికి తిప్పి పంపేది ఎక్కువగా ఇక్కడే. ఆ 3.3 వోల్టుల తీగ లేని అడాప్టర్‌తో తిరుగుతుంది.

డిస్కు తిరుగుతోంది, బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) మాత్రం లేదంటే డేటా తీగ మార్చండి, పోర్టు మార్చండి, బయోస్‌లో ఆ పోర్టు ఆపేసి ఉందేమో చూడండి.

బయోస్‌లో ఉండి విండోస్‌లో లేకపోతే అది కొత్త డిస్కు కాబట్టి దానికింకా డి, ఇ లాంటి డ్రైవ్ అక్షరం లేదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘కేటాయించనిది’గా కూర్చుని ఉంటుంది.

సర్వర్‌లో రైడ్ కంట్రోలర్ ఉంటే కథ వేరు. కంట్రోలర్‌కు చెప్పేదాకా అది కొత్త డిస్కును విండోస్‌కు చూపించదు. కంట్రోలర్ మెనూలోకి వెళ్లి ఆ డిస్కును రైడ్ లేనిదిగా మార్చాలి. ఆ సదుపాయం లేని పాత కంట్రోలర్ అయితే ఒక్క డిస్కుతో రైడ్ 0 చేయాలి. ఉన్న రైడ్‌లో దాన్ని స్పేర్‌గా (పాడైన డిస్కు స్థానంలోకి వచ్చేదిగా) చేర్చేయకండి, అప్పుడది బ్యాకప్‌కు పనికిరాదు.

రైడ్ కంట్రోలర్ తెర మీద ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ అని వచ్చింది, క్లియర్ నొక్కవచ్చా?

చేయి వెనక్కి తీసుకోండి. వేరే కంట్రోలర్‌లో ఎప్పుడో పనిచేసిన డిస్కు వస్తే ఆ మాట వస్తుంది. కానీ మీ పాత డిస్కుల్లో ఒకటి తీగ వదులై ఊడి మళ్లీ తగిలినా అదే మాట వస్తుంది. రెండో సందర్భంలో క్లియర్ నొక్కితే ఆ డిస్కు మీది రైడ్ అమరిక చెరిగిపోతుంది. సర్వర్ ఆపి, కొత్త డిస్కు బయటికి తీసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. సందేశం పోతే దోషం కొత్త డిస్కుది. పోకపోతే తెలిసినవాళ్లను పిలిచేదాకా ఏ బటనూ నొక్కవద్దు.

ఎంబీఆర్, జీపీటీ అని అడుగుతోంది, ఏది ఎంచుకోవాలి?

జీపీటీ. రెండూ డిస్కును భాగాలు చేసే పద్ధతులే, పాతదైన ఎంబీఆర్ 2 టీబీ దాటి చూడలేదు.

4 టీబీ డిస్కు కొంటే 3.63 టీబీ చూపిస్తోంది, మోసపోయామా?

లేదు. తయారీదారు వెయ్యితో లెక్కపెడతాడు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది.

ఏ డిస్కును ఫార్మాట్ చేస్తున్నానో భయంగా ఉంది, ఎలా నిర్ధారించుకోవాలి?

ఆ భయం ఉండాల్సిందే. నాకు ఒకప్పుడు లేదు. మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లులో పాత డిస్కు, కొత్త డిస్కు ఒకే కంపెనీవి, ఒకే సైజువి. నిన్నటిదాకా ‘డిస్క్ 1’ పాతదే కదా అనుకున్నాను, కొత్తది వేరే పోర్టులో పెట్టినందువల్ల అంకెలు తారుమారయ్యాయని చూసుకోలేదు. అవును నొక్కిన మరుక్షణం గుమస్తా ‘సార్, లెక్కలు పోయాయి’ అన్నాడు. శనివారం తీసిన బయటి కాపీ ఉండబట్టి బతికిపోయాం. ఆ తర్వాతి రెండు రోజుల వేబ్రిడ్జి చీటీలన్నీ ఆయన మళ్లీ టైపు చేశాడు, నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటి చదివి వినిపించాను. యజమాని ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. బిగించే ముందే డిస్కు మీది చీటీని ఫోనుతో ఫొటో తీస్తాను. ఫార్మాట్ చేసే ముందు తెర మీది సీరియల్ నంబరును ఆ ఫొటోతో అక్షరం అక్షరం పోల్చి చూస్తాను. సైజు చూసి కాదు, వరుస అంకె చూసి అసలే కాదు. కుదిరితే ఆ కాసేపు పాత డిస్కు తీగ ఊడదీసి పెడతాను.

## బ్యాకప్ నడిపేటప్పుడు

విండోస్ సర్వర్ బ్యాకప్ పెట్టగానే డిస్కు మాయమైంది, ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. డిస్కు మొత్తాన్ని బ్యాకప్‌కే కేటాయించమని చెబితే విండోస్ దాన్ని ఫార్మాట్ చేసి, అక్షరం తీసేసి, ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించకుండా చేస్తుంది. ఎవరూ అందులో పెళ్లి వీడియోలు దాచుకోకుండా ఉండటానికి ఇది మంచిదే. ఇలా కేటాయిస్తే పాత తేదీల కాపీలూ నిలుస్తాయి. అదే నెట్‌వర్క్ ఫోల్డర్‌కు పంపితే కొత్త కాపీ పాతదాని మీద పడుతుంది, చివరిదొక్కటే మిగులుతుంది.

లైనక్స్ సర్వర్‌లో బ్యాకప్ రోజూ ‘విజయవంతం’ అంటోంది, కొత్త డిస్కు మాత్రం ఖాళీగా ఉంది. ఎలా?

డిస్కు మౌంట్ కాలేదు, అంటే దాన్ని ఒక ఫోల్డర్‌కు కలపడం జరగలేదు. మౌంట్ కాకపోయినా ఆ పేరుతో ఫోల్డర్ ఉంటుంది కాబట్టి బ్యాకప్ అందులోకే, అంటే అసలు డిస్కులోకే రాస్తూ పోతుంది, ఒకరోజు అది నిండి సర్వర్ ఆగుతుంది. ఏ డిస్కును ఎక్కడ కలపాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో డిస్కును పేరుతో కాక యూయూఐడీతో (దాని గుర్తింపు సంఖ్యతో) రాయండి, ‘నోఫెయిల్’ అన్న మాట చేర్చండి. అప్పుడు డిస్కు చెడినా సర్వర్ లేస్తుంది. బ్యాకప్ స్క్రిప్టు మొదటి వరుసలోనే మౌంట్ అయిందా అని అడిగించి, కాకపోతే ఆగిపొమ్మనండి.

టాలీ తెరిచి ఉండగా బ్యాకప్ తీయవచ్చా?

అందరూ టాలీలో కంపెనీ మూసిన తర్వాతి వేళ పెట్టండి. రాస్తుండగా సగంలో కాపీ అయిన ఫైలు తిరిగి తెరుచుకోకపోవచ్చు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ల వెనక డేటాబేస్ ఉంటుంది. ముందు ఆ డేటాబేస్ సొంత బ్యాకప్ తీయించి, ఆ ఫైలును కొత్త డిస్కుకు కాపీ చేయాలి.

మొదటి బ్యాకప్ ఎంతసేపు పడుతుంది?

సెకనుకు 150 ఎంబీ చొప్పున 1 టీబీకి రెండు గంటలకు కాస్త తక్కువ. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే దానికి ఎన్నో రెట్లు. తర్వాతి రోజుల్లో మారినవి మాత్రమే వెళ్తాయి.

రోజూ బ్యాకప్ తీయాలని చట్టం ఉందా?

కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీ అయితే ఉంది. కంప్యూటర్‌లో రాసే లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలోని సర్వర్లలో ఉండాలని 2014 నాటి నిబంధనలే చెప్పాయి. ఎప్పటికప్పుడు తీస్తే చాలన్న మాటను 2022 సవరణ ప్రతిరోజూ అని మార్చింది. సొంత పేరు మీద నడిచే దుకాణానికి ఈ నిబంధన వర్తించదు.

రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే లోపలి డిస్కు కాపాడుతుందా?

దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సర్వర్‌లో చొరబడినది సర్వర్‌కు కనిపించే డిస్కులన్నింటికీ తాళం వేస్తుంది. విండోస్ దాచిన పాత కాపీలను చెరిపేయడం దానికి మొదటి పనుల్లో ఒకటి. గుమస్తాల లాగిన్లకు అడ్మిన్ అధికారం తీసేయండి. తగిలించకుండా బీరువాలో ఉన్న డిస్కే ఆ రోజు ఆదుకునేది.

## ఎండ, పిడుగు, కరెంటు

మే నెలలో గది కాలిపోతుంది, డిస్కు తట్టుకుంటుందా?

చాలా హార్డ్‌డిస్కులకు 60 డిగ్రీలు గరిష్ఠ పరిమితి. నల్లగొండలో బయటే 44 దాటే రోజులుంటాయి, రేకుల షెడ్డులో సంగతి చెప్పనక్కర్లేదు. స్మార్ట్ వివరాల్లో డిస్కు వేడి చూస్తూ ఉండండి. 50 దాటుతుంటే డిస్కుల మధ్య ఒక అర ఖాళీ వదలండి, ముందువైపు ఫ్యాను పెట్టండి. ఆఫీసు మూసి ఏసీ ఆపేశాక రాత్రి తొమ్మిదికి గది ఇంకా సెగలు కక్కుతుంటుంది. వేసవిలో బ్యాకప్ వేళను తెల్లవారుజాము మూడుకు మార్చండి.

పిడుగు పడితే?

యూపీఎస్ ఉంది కదా అని ధీమా వద్దు. ఎర్తింగ్ సరిగ్గా లేని చోట అది కూడా కాలుతుంది. వేసవికి ముందు ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. పిడుగు ఇంటర్నెట్ తీగ వెంట కూడా వస్తుంది, ఆ తీగనూ తీయాలి.

బ్యాకప్ మధ్యలో కరెంటు పోతే డిస్కు చెడుతుందా?

డిస్కు మామూలుగా చెడదు, ఆ రాత్రి కాపీ చెడుతుంది. యూపీఎస్ నుంచి సర్వర్‌కు యూఎస్‌బీ తీగ కలిపితే బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనంతట తాను ఆగుతుంది. ఆ తీగ చాలా ఆఫీసుల్లో ఇంకా కవరు విప్పకుండా పెట్టెలోనే ఉంటుంది.

## ఆ తర్వాత

డిస్కు పోబోతోందని ముందే తెలుస్తుందా?

కొన్నిసార్లు. స్మార్ట్ వివరాల్లో 5, 197, 198 అంకెల వరుసలు చూడండి. అవి పాడైన చోట్ల లెక్క. సున్నా ఉన్నంత వరకు మంచిదే. ఒకసారి పెరిగి ఆగితే కనిపెట్టి ఉండండి, వారం వారం పెరుగుతుంటే కొత్తది కొనండి. టిక్ టిక్ మంటుంటే చూడటానికి కూడా ఏమీ లేదు. ఏ హెచ్చరికా లేకుండా పోయే డిస్కులూ ఉన్నాయి.

పాత బ్యాకప్ డిస్కును ఎవరికైనా ఇచ్చేయవచ్చా?

పూర్తిగా తుడిచాకే. క్విక్ ఫార్మాట్ చేస్తే తుడిచినట్టు కాదు, మామూలు సాఫ్ట్‌వేర్‌తో తిరిగి లాగవచ్చు. పాడైపోయి తుడవడానికి వీలులేని డిస్కునైతే సుత్తితో కొట్టించి పాత ఇనుము వాళ్లకు ఇవ్వండి. ఆసుపత్రుల వాళ్లు ఇది తప్పక చేయాలి.

బ్యాకప్ పనిచేస్తోందని ఎలా నమ్మాలి?

పచ్చ గుర్తును నమ్మవద్దు, ఫైలు తెరిచి చూడండి. నేను చూసే ఆఫీసుల్లో ప్రతి నెల మొదటి శనివారం గుమస్తానే ఒక తేదీ చెబుతాడు, ఉదాహరణకు పోయిన నెల 14. ఆ రోజు బ్యాకప్ నుంచి ఒక లెక్క వేరే ఫోల్డర్‌లోకి తెప్పిస్తాం. ఆ రోజు కాగితం బిల్లు పక్కన పెట్టి మొత్తం సరిపోయిందో లేదో ఆయనే చూసి, గోడ క్యాలెండర్ మీద సంతకం పెడతాడు. పది నిమిషాల పని. ఒక ఆఫీసులో నాలుగో నెల లెక్క తెరుచుకోలేదు. విచారిస్తే, లెక్కలను కొత్త ఫోల్డర్‌కు మార్చుకున్నారు, బ్యాకప్ మాత్రం పాత ఖాళీ ఫోల్డర్‌నే రోజూ శ్రద్ధగా కాపీ చేస్తోంది.